పేరు, ఊరు, తేది

తెలుగు నిఘంటువులను తిరుగవేయు విద్యార్థికి ఒక చిత్రమైన అనుభవము కలుగును. ప్రబంధములో ఏదో చెట్టు పేరు వచ్చును. ఆ చెట్టెట్టిదో తెలిసికొందమని నిఘంటువు తెఱచినచో, అచ్చట “వృక్షవిశేషము” అని యుండును. పక్షి పేరునకు “పక్షివిశేషము”, చేప పేరునకు “మత్స్యవిశేషము”. ఆ విశేషమేమో చెప్పువారు లేరు. కవి చూచిన చెట్టు కవితోను, దాని నెఱిగిన పల్లెవాని తెలివి పల్లెవానితోను గతించినవి. పేరు మాత్రము కాగితముపై మిగిలినది.

దీనికి విరుద్ధమైన స్థితియు కలదు. అడవి యంచునగల పల్లెలలో పసులకాపరికి తెలిసినన్ని గడ్డిజాతులు పట్టభద్రునకు తెలియవు. సముద్రతీరమున బెస్తవాడు గుర్తుపట్టు చేపలలో సగమైనను నిఘంటువుల కెక్కలేదు. అచ్చట వస్తువు కలదు, పేరు కలదు, తెలిసిన మనిషి కలడు. వ్రాత మాత్రము లేదు. ఒకచోట వ్రాతకు వస్తువు కఱవు, మఱియొకచోట వస్తువునకు వ్రాత కఱవు. ఈ రెంటిని కలుపు పనియే ప్రకృతి పరిశీలకుల పని.

ఆ పనికి శాస్త్రము కోరునది పెద్ద వస్తువేమియు కాదు. ఏ ప్రాణి, ఎచ్చట, ఏనాడు, ఎవరు చూచిరి? ఈ నాలుగు ప్రశ్నలకు నాలుగు మాటల సమాధానము చాలును. “జీవవైవిధ్య సమాచారము” అని నేడు పెద్ద పేరుతో వ్యవహరింపబడు భాండారమంతయు ఇట్టి చిన్న చిన్న పంక్తుల కూర్పే. విడిగానున్న ఒక పంక్తి వలన తెలియునది స్వల్పము. లక్ష పంక్తులు ఒకచోట చేరి, అందఱికిని చదువ వీలైనపుడు, ఏ జాతి పెరుగుచున్నదో, ఏది తఱిగిపోవుచున్నదో వాని వలన తెలియును. కూర్చుట ఎంత ముఖ్యమో పంచుకొనుటయు అంత ముఖ్యము. పెట్టెలో పెట్టి తాళము వేసిన పరిశీలన, చేయని పరిశీలనతో సమానమే.

ఇది విదేశీయులు నేర్పిన వింత విద్యయని గాని, తెలుగునేలకు సంబంధము లేని వ్యవహారమని గాని తలపరాదు. 18వ శతాబ్ది చివర ఈ విద్యకు భారతదేశమున గల ముఖ్యస్థానములలో రెండు తెలుగు ఊళ్ళే. ఒకటి విశాఖపట్టణము, రెండవది సామర్లకోట.

విశాఖపట్టణపు పాములు

పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు వైద్యుడు 1781లో భారతదేశమునకు వచ్చెను. ఆయన సోదరుడు క్లాడ్ రస్సెల్ విశాఖపట్టణమున కంపెనీ కొలువులో నుండెను. సోదరునితోపాటు అచ్చట నివసించుచు ఆ వైద్యుడు మొక్కలను, చేపలను, పాములను పరిశీలింప నారంభించెను. 1785లో కంపెనీవారు ఆయనను కర్ణాటక ప్రాంతమునకు తమ ప్రకృతి శాస్త్రజ్ఞునిగా నియమించిరి. పాములను గూర్చిన ఆయన ప్రశ్న ఆచరణకు సంబంధించినది. ఏ పాము విషము గలది? ఏది విషము లేనిది? చూడగానే ఈ భేదము తెలిసికొను ఉపాయమేది? పాము కఱచినవాని ప్రాణము ఈ ప్రశ్నకు గల సమాధానముపై నాధారపడి యుండును.

ఆయన పాములను తెప్పించి, కొలిచి, పొలుసులు లెక్కించి, కోఱలు పరీక్షించి, బొమ్మలు వ్రాయించెను. కోరమాండల్ తీరపు సర్పములను గూర్చిన ఆయన గ్రంథము 1796లో లండనులో వెలువడెను. అందలి విశేషమేమనగా, ఆయన పలు పాములకు లాటిను పేర్లు కల్పింపలేదు. తీరవాసులు చెప్పిన పేర్లనే, తన చెవికి వినబడిన తీరున, ఆంగ్లాక్షరములలో వ్రాసికొనెను. వానిలో “కాటుక రేకుల పొడ” అనునది ఒకటి. ఈ పేరును ఒక్కసారి విప్పి చూడదగును. పొడ యనగా మచ్చ. ఆ పాము వీపుమీది మచ్చలు రేకులవలె వరుసగా నుండును. వాని యంచులు కాటుక దిద్దినట్లు నల్లగా నుండును. మూడు మాటలలో పాము రూపమంతయు వచ్చినది. పేరు విన్నవాడు పామును గుర్తుపట్టగలడు. గుర్తుపట్టినవాడు దూరముగా తొలగగలడు. రక్తపింజర యని మనమెఱిగిన ఆ పామునకు 1797లో ఇంగ్లండు పండితులు రస్సెల్ పేరు పెట్టిరి. తెలుగు పేరు గ్రంథములో నిలిచినది. దానిని చెప్పిన మనుష్యుని పేరు నిలువలేదు.

మఱియొక పాము పసుపు నలుపు కట్లతో మెఱయునది. దానిని ఇచ్చటివారు బంగారు పాము అనిరి. రస్సెల్ అట్లే వ్రాసికొనెను. 1803లో ఫ్రాన్సు దేశపు దోదాఁ అను శాస్త్రజ్ఞుడు ఆ జాతికంతకును “బుంగారస్” అని నామకరణము చేసెను. నేడు ప్రపంచమున ఏ మూలనైనను కట్లపాముల కుటుంబమును గూర్చి పండితులు ముచ్చటించునపుడు తెలుగు “బంగారము” లాటిను వేషమున పలుకుచునే యున్నది. అదే సంవత్సరమున విశాఖపట్టణపు చేపలు రెండువందలను గూర్చిన రస్సెల్ గ్రంథమును ప్రకటింపబడెను. అందును బెస్తవారు చెప్పిన పేర్లే ప్రధానము. తరువాతి కాలమున ఐరోపా పండితులు పెక్కు చేపలకు శాస్త్రీయ నామములను ఈ పటములను చూచియే పెట్టిరి.

సామర్లకోట తోట

స్వీడను దేశపు మహాశాస్త్రజ్ఞుడు లినేయసు శిష్యుడు యోహాన్ కోనిగ్ 1768లో తరంగంబాడికి వచ్చి, దక్షిణదేశమున మొక్కలు సేకరించుచు తిరిగెను. ఆయన 1785లో కాకినాడ యొద్దనున్న జగన్నాథపురమున మరణించెను. మరణించుటకు ముందు తన వ్రాతలన్నియు లండనులోని జోసఫ్ బ్యాంక్స్‌కు చెందునట్లు ఏర్పాటు చేసెను. ఇది చిన్న సంగతిగా తోచవచ్చును గాని, వ్రాసినవాడు పోయినను వ్రాత పదుగురికి చేరవలెనను తలంపు ఇందు కనబడుచున్నది.

కోనిగ్ మిత్రుడు విలియం రాక్స్‌బరో 1781లో సామర్లకోటకు వైద్యుడుగా వచ్చెను. అచ్చట తోట వేసి మిరియములు మున్నగు మొక్కలను పెంచెను. కంపెనీవారి దృష్టి వర్తకముపై నుండెను. ఏ మొక్క వలన ఎంత లాభమని వారు చూచిరి. రాక్స్‌బరో దృష్టి అంతటితో ఆగలేదు. ఆయన కనబడిన ప్రతి మొక్కకును వర్ణన వ్రాసెను. ఈ దేశపు చిత్రకారులచేత బొమ్మలు వేయించెను. తెలుగు పేరును తప్పక చేర్చెను. “కోరమాండల్ తీరపు మొక్కలు” అను ఆయన గ్రంథము 1795 మొదలు 1820 వఱకు మూడు సంపుటములుగా వెలువడెను. అందు 300 వర్ణచిత్రములు కలవు. కొండప్రాంతములలో జ్వరమునకు బెరడు కషాయముగా వాడబడు సోమిద చెట్టును ఆయన లోకమునకు తెలిపెను. ఆ చెట్టు జాతినామము శాస్త్రమున నేటికిని “సోయ్‌మిడా”యే.

ఆయన మొక్కలతోపాటు వానలెక్కయు వ్రాసెను. వేడిమి, గాలి, వాన మొదలగువానిని సామర్లకోటలో క్రమముగా గుర్తించెను. 1789 మొదలు ఉత్తర సర్కారులలో వరుసగా వర్షములు తప్పి ఘోరమైన కఱవు వచ్చినపుడు ఆ లెక్కలు సాగుచునే యుండెను. రెండు శతాబ్దులు గడచిన పిమ్మట, 1998లో, రిచర్డ్ గ్రోవ్ అను చరిత్రకారుడు ఆ లెక్కలను ఇతర దేశముల వృత్తాంతములతో పోల్చి చూచెను. సామర్లకోటలో వాన తప్పుటయు, ప్రపంచమున ఇతర ప్రాంతముల అనావృష్టియు, పసిఫిక్ మహాసముద్రపు నీరు వేడెక్కుట వలన కలిగిన ఒకే పరిణామమునకు చెందినవని ఆయన వాదించెను. ఎల్ నీనో యని నేడు వ్యవహరింపబడునది ఇదియే. వానను కొలిచిన వైద్యునకు ఈ ఉపయోగము కలలోనైన తోచి యుండదు. ఎవరికి, ఎప్పుడు, దేనికి పనికివచ్చునో ముందుగా తెలియదు గనుకనే, కొలిచినది కొలిచినట్లు వ్రాయవలెను; వ్రాసినది దాచక యుంచవలెను.

కలివికోడి కథ

వ్రాతలో ఒక్క మాట లోపించినను ఎంత నష్టమో తెలుపుటకు కలివికోడి చరిత్ర చాలును. కలివి పొదలు, తుమ్మ, రేగు పెరుగు ఎఱ్ఱనేలలలో తిరుగు పొడవుకాళ్ళ చిన్న పక్షి ఇది. మెడక్రింద రొమ్మున రెండు పట్టెలుండును. నెల్లూరులో వైద్యుడుగా నుండిన టామస్ జెర్డన్ దీనిని కనుగొనెను. కలకత్తాలోని ఎడ్వర్డ్ బ్లైత్ 1848లో దీనిని లోకమునకు వర్ణించెను. అందుచేత ఆంగ్లమున దీనికి జెర్డన్ పేరే వచ్చినది.

అయితే దొరకిన చోటెక్కడ? నెల్లూరు, కడప మున్నగు ప్రాంతములని మాత్రమే తెలియుచుండెను. ఏ ఊరి పొలిమేర, ఏ వేళ, ఎట్టి పొద అను వివరములు లేవు. 1900లో అనంతపురము ప్రాంతమున ఒకసారి కనబడినట్లు వ్రాత కలదు. ఆ తరువాత పక్షి కనబడలేదు. 20వ శతాబ్దిలో పెక్కుమారులు పండితులు వెదకిరి. వారు వెదకినది పగటివేళ. పక్షి తిరుగునది రాత్రివేళ. ఈ ఒక్క సంగతి ఏ గ్రంథములోను స్పష్టముగా లేకపోవుట వలన, అది లోకమునుండి అంతరించినదని పలువురు నిశ్చయించిరి.

1883లో స్థాపింపబడిన బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు 1985లో మరల అన్వేషణ సాగించిరి. భరత్ భూషణ్ అను యువశాస్త్రజ్ఞుడు ఈసారి అడవికన్న ముందు మనుష్యుల నాశ్రయించెను. పల్లె పల్లెకు పోయి పక్షి బొమ్మ చూపి అడిగెను. ఆ పక్షిని ఎఱిగినవారు దొరకిరి. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె ప్రాంతపు వేటగాడొకడు రాత్రివేళ దీపపు వెలుగున ఒక పక్షిని పట్టెను. 86 సంవత్సరములు పండితుల దృష్టిలో లేని పక్షి, ఆ పొదల నడుమ నివసించువారికి మాత్రము కలివికోడియై యథాప్రకారము నుండెను! పట్టుబడిన పక్షి కొలది దినములకే మరణించుట విచారకరము. అయినను ఆ పక్షి యింకను కలదను సంగతి తేలినది. 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడినది.

కథ అంతటితో ముగియలేదు. రాత్రివేళ తిరుగు సిగ్గరి పక్షిని లెక్కించుట ఎట్లు? 2000వ సంవత్సరము తరువాత శాస్త్రజ్ఞులు పొదల నడుమ అచ్చటచ్చట మెత్తని మన్ను పట్టీలుగా పఱచిరి. తెల్లవాఱిన పిమ్మట పోయి, ఆ మన్నుమీది కాలిముద్రలను పరీక్షించిరి. పక్షి నడచిపోయినపుడు తానే ఛాయాచిత్రము తీయు యంత్రములను అమర్చిరి. దాని కూతను నమోదుచేసి, ఆ కూతను వినిపించి, మాఱుకూతకు చెవి యొగ్గిరి. ఇట్లు వందలకొలది రాత్రుల వ్రాతలు చేరిన పిమ్మట ఒక సత్యము తేలినది. పొదలు మఱీ దట్టమైనచోటను పక్షి యుండదు. మఱీ పలుచనైనచోటను ఉండదు. కట్టెలు కొట్టుట, పసులు మేయుట మితముగా నున్నచో పొదల నడుమ ఖాళీ నేల మిగులును. అట్టి నేలయే దానికి కావలెను. మనుష్యుని పూర్తిగా వెళ్ళగొట్టిన అడవియు దానికి హితము కాదు; మనుష్యుడు పూర్తిగా నఱకిన అడవియు హితము కాదు.

2005లో తెలుగుగంగ కాలువ త్రవ్వకము ఆ పక్షి తిరుగు నేలలోనికి వచ్చినది. కాలువ చిన్న విషయము కాదు. రాయలసీమ రైతునకు నీరు ప్రాణము. పక్షియా, పంటయా అని తగవు పెట్టుట సులభము. ఆ తగవులో పక్షి ఓడిపోవుటయు సులభము. అట్లు జరుగలేదు. “ఇచ్చట పక్షి కలదు” అని భావావేశముతో పలికియుండినచో ఎవరును వినియుండరు. ఏ స్థలమున, ఏ తేదిని, ఎన్ని కాలిముద్రలు కనబడెనో చూపగల వ్రాతలుండెను. సర్వోన్నత న్యాయస్థానము నియమించిన కేంద్ర సాధికార సంఘము వఱకు వ్యవహారము పోయినది. తుదకు కాలువ దారి మార్చబడినది. పక్షి నివాసమునకై కొంత భూమిని ప్రభుత్వము సేకరించినది. కాలువయు మిగిలినది, పొదలును మిగిలినవి. మన్నుమీది ముద్రలు కాలువ దారిని మరలించిన సంఘటనము లోకమున అరుదు.

దూరదేశమునుండి మఱియొక సంగతి ఈ కథకు చేరినది. స్కాట్లండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయపు ప్రదర్శనశాలలో గ్రుడ్ల సంగ్రహమొకటి కలదు. అందలి ఒక గ్రుడ్డు కలివికోడిదని 2013లో వెల్లడియైనది. దానిని 1917లో కోలారు బంగారుగనుల ప్రాంతమున పశువైద్యుడొకడు సేకరించెను. బొంబాయివారు నిరాశతో వెదకుచుండిన కాలమున ఈ సాక్ష్యము ఎవరికిని కనబడక ఒక పెట్టెలో నుండెను. వంశద్రవ్య పరీక్ష దానిని ధ్రువపఱచినది. పరీక్ష ఎంత గొప్పదైనను, గ్రుడ్డుతోపాటు ఊరు, సంవత్సరము తెలియరానిచో ఆ గ్రుడ్డు వట్టి పెంకు మాత్రమే యగును. వ్రాసినవాడు తన పని చేసెను. అది పదుగురికి చేరుటకు మాత్రము 96 సంవత్సరములు పట్టినది.

గుత్తి సాలెపురుగు

సమాచారమును పంచుకొనుట ఎల్లవేళల మేలే యని మాత్రము చెప్పరాదు. గుత్తి సాలెపురుగు కథ దీనికి నిదర్శనము. మెఱయు నీలివర్ణము గల ఈ పెద్ద సాలెపురుగును 1899లో పోకాక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు వర్ణించెను. అది గుత్తి రైల్వేవారి కలపదొడ్డిలో దొరకినది. కావున గుత్తి పేరు దానికి స్థిరపడినది. కాని గుత్తి దాని ఊరు కాదు. అడవినుండి వచ్చిన కలపతోపాటు అది రైలెక్కి వచ్చినదని నేటి శాస్త్రజ్ఞుల భావన. నూఱేండ్లకు పైగా దాని నిజమైన నివాసము తెలియలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరుల నడుమనున్న అడవిలో అది మరల కనబడినది. గుత్తికి ఆ అడవి సుమారు 100 కిలోమీటర్ల దూరము. చీటీమీది ఊరు అబద్ధము కాదు. అయినను పూర్తి సత్యమును కాదు. “దొరకిన చోటు” వేఱు, “నివసించు చోటు” వేఱు అను పాఠమును ప్రతి విద్యార్థియు దీనినుండి నేర్వవలెను.

రెండవ పాఠము మఱింత కఠినమైనది. ఆ సాలెపురుగు అందమే దానికి శత్రువైనది. విదేశములలో ఇట్టి పురుగులను గాజుపెట్టెలలో పెంచు వేడుక కలదు. చిరునామా తెలిసినపుడు శాస్త్రజ్ఞుడు మాత్రమే వచ్చునని నమ్మకము లేదు. శేషాచలపు ఎఱ్ఱచందనమునకును ఇదే గతి. ఏ చెట్టు ఏ లోయలో నున్నదో అందఱికిని చాటినచో ముందుగా చేరునది గొడ్డలియే. అందుచేతనే నేటి పరిశీలకుల సంఘములు అరుదైన జీవుల నివాసమును స్థూలముగా మాత్రము ప్రకటించి, ఖచ్చితమైన తావును మఱుగుపఱచును. సత్యము వ్రాయుటలో లోపముండరాదు. సత్యమును ఎవరికి ఎంత చెప్పవలెనో వివేకముతో నిర్ణయింపవలెను. వ్రాయుట వేఱు, చాటుట వేఱు.

ఇంకొక న్యాయప్రశ్నయు కలదు. పేరు చెప్పినవాడెవడు? రస్సెలుకు పాముల పేర్లు చెప్పినవారు, రాక్స్‌బరోకు మొక్కల బొమ్మలు వ్రాసినవారు గ్రంథముల ముఖపత్రములకు ఎక్కలేదు. మలబారులో 1678 మొదలు 1693 వఱకు డచ్చివారు ప్రకటించిన “హోర్టస్ మలబారికస్” గ్రంథములో మాత్రము ఇట్టి అచ్యుతన్ అను దేశీయ వైద్యుని పేరు స్పష్టముగా ముద్రింపబడినది. అది మేలైన మార్గము. 2002లో భారత పార్లమెంటు చేసిన జీవవైవిధ్య చట్టము ఈ న్యాయమునకు కొంత రూపమిచ్చినది. ఆ చట్టము ననుసరించి ప్రతి స్థానిక సంస్థయు ప్రజా జీవవైవిధ్య పట్టికను కూర్పవలెను. ఊరివారి తెలివి ఊరి సొత్తుగా గుర్తింపబడవలెనని, దాని వలన లాభము గలిగినచో అందు వారికి భాగముండవలెనని చట్టము ఆశయము. ఆశయము కాగితమున నుండి ఊరికి చేరుట ఊరి విద్యావంతులపై నాధారపడి యున్నది. ఊరి విద్యావంతులలో మొదటివాడు ఉపాధ్యాయుడు.

పాలపిట్ట లెక్క

విజయదశమినాడు పాలపిట్టను చూచుట తెలుగువారికి శుభము. తెలంగాణమునకు అది రాష్ట్రపక్షియు. ఆనాడు ఊరివారు పొలిమేరకు పోయి దానికై చూతురు. ఎన్ని తరములనుండియో ఎన్ని వేలమంది ఒకే దినమున ఒకే పక్షికై కన్నులు సారించిరి! పక్షుల గణనకు ఇంతకన్న గొప్ప ఏర్పాటు ఏ విద్యాపీఠమును చేయజాలదు. కాని ఆ చూపులలో ఒక్కటియు వ్రాతకెక్కలేదు. తాతగారి నాట పొలిమేరలో నాలుగు పిట్టలుండెడివని, నేడొక్కటియు లేదని వృద్ధులు చెప్పుదురు. ఆ మాట నిజమే కావచ్చును, నిరూపించుట ఎట్లు?

నిరూపించు మార్గము ఇటీవల ఏర్పడినది. అంతర్జాలము ద్వారా పక్షులను చూచినవారు తమ జాబితాలను ఒకేచోట చేర్చుచున్నారు. 2023లో వెలువడిన “భారతదేశపు పక్షుల స్థితి” అను నివేదికకు సుమారు 30,000 మంది చూపఱుల 3 కోట్ల పరిశీలనలు ఆధారమైనవి. వారిలో పలువురు శాస్త్రజ్ఞులు కారు; పక్షులయందు ప్రీతిగల సామాన్యులు. ఆ నివేదికలో 942 జాతుల స్థితి చర్చింపబడినది. పాలపిట్టల సంఖ్య పండ్రెండేండ్లలో సుమారు 30 శాతము తఱిగినట్లు అందు తేలినది. వృద్ధుల నిట్టూర్పు ఇప్పుడొక సంఖ్యగా మారినది. నిట్టూర్పును త్రోసిపుచ్చిన అధికారి సంఖ్యను త్రోసిపుచ్చుట కష్టము. వెనుక ముందు లేక పాలపిట్టలను పట్టి పంజరములలో పెట్టి పండుగనాడు చూపి ధనము గడించు దురాచారమును ఖండించుటకును ఆ సంఖ్య బలమిచ్చును.

ప్రపంచమంతటి వ్రాతలను ఒకచోట చేర్చు సంస్థయు 2001లో ఏర్పడి, డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెన్ కేంద్రముగా పనిచేయుచున్నది. గ్లోబల్ బయోడైవర్సిటీ ఇన్ఫర్మేషన్ ఫెసిలిటీ యని దాని పేరు. ప్రదర్శనశాలల పాత చీటీలును, నిన్నటి పరిశీలకుని పంక్తియు అందు ప్రక్కప్రక్కనే యుండును. వందల కోట్ల పంక్తులు అందు చేరినవి. ఎవరైనను వెల లేక చూడవచ్చును. అబర్డీనులో గ్రుడ్డు శతాబ్దికాలము మఱుగున నున్నట్లు ఇకమీద జరుగరాదనియే ఈ యత్నము.

బడిలో చేయదగిన పని

ఈ మహాభాండారమునకు పల్లెబడి విద్యార్థి ఏమి చేర్చగలడు? చాల చేర్చగలడు. దానికి కావలసినది ఒక నోటుపుస్తకము, ఒక పెన్సిలు, ఓపిక. బడి ఆవరణములోని చెట్లతో ఆరంభింపవచ్చును. వేప ఏనాడు పూచెను, చింత ఏనాడు చిగిర్చెను, కోకిల మొదట ఏనాడు కూసెను అని వ్రాయుట మొదటి మెట్టు. మఱుసటి యేట అవే తేదులను పోల్చుట రెండవ మెట్టు. పదేండ్లు ఈ పుస్తకము తప్పక సాగినచో ఋతువుల నడకలో మార్పు కలిగెనో లేదో ఆ బడియే చెప్పగలదు.

వ్రాయుటలో కొన్ని నియమములు పాటింపవలెను. ఊరివారు పలికిన పేరును పలికినట్లే వ్రాయవలెను, దానిని సంస్కరింపరాదు. ఒకే పేరు రెండు చెట్లకుండును. తెలుగు కొండలలో దేవదారు అనబడు చిన్న చెట్టు వేఱు, హిమాలయములలోని దేవదారు వేఱు. కావున పేరుతోపాటు ఆకు, పువ్వు, కాయ ఎట్లున్నవో గుర్తింపవలెను. వీలైనచో ఛాయాచిత్రము జతపఱుపవలెను. పేరు తెలియనిచో తెలియదని వ్రాయుట ఉత్తమము; ఊహించి వ్రాయుట అధమము. తెలియదన్నదానిని రేపు మఱియొకడు పూరింపవచ్చును. తప్పుగా వ్రాసినదానిని ఎవరును అనుమానింపరు. వెదకినను కనబడలేదను సంగతియు వ్రాయదగినదే. “ఈ చెఱువున నేడు కొంగ లేదు” అను పంక్తి, కొంగ కలదను పంక్తికన్న విలువలో తక్కువ కాదు. ఇక చెప్పినవారి పేరు, వారి యనుమతితో, పంక్తి చివర నుండవలెను. అరుదైన మొక్కను పెఱుకరాదు, గూడును ముట్టరాదు. చూచుట కొఱకు చెఱచినచో చూచినందువలన ఫలమేమి?

ఈ పనిలో తెలుగు ఉపాధ్యాయునకును విజ్ఞాన ఉపాధ్యాయునకును సమానమైన భాగము కలదు. ఒకరు పేరును కాపాడుదురు. ఒకరు వస్తువును కాపాడుదురు. గిరిజన గూడెములనుండి వచ్చు బాలురు, బెస్తపల్లెలనుండి వచ్చు బాలికలు తరగతిలో వెనుక వరుసను కూర్చుండుట తఱచుగా కనబడును. ఈ పుస్తకము తెఱచిన దినమున వారు ముందు వరుసకు రాగలరు. పాఠ్యపుస్తకములో లేని నూఱు పేర్లు వారి యింట కలవు. ఆ పేర్లను తమ అవ్వనడిగి, మఱునాడు బడికి తెచ్చి, ఊరు, తేది వేసి వ్రాసినపుడు, శాస్త్రమనునది ఎక్కడినుండియో దిగివచ్చిన వస్తువు కాదనియు, తమ యింటినుండియు దానికి చేరవలసినది కలదనియు వారికి బోధపడును.

అవ్వలు ఎల్లకాలము ఉండరు. కలివి పొదలును ఎల్లకాలము ఉండునన్న నమ్మకము లేదు. అడుగవలసిన ప్రశ్న ఈ సెలవులలోనే అడుగవలెను.